బిగిస్తే ఆగదు, కుదిరితే ఆగుతుంది

అటకెక్కిన సీపాప్, బైపాప్ మిషన్లను, అంటే మాస్క్ ద్వారా ఊపిరికి గాలి పంపే యంత్రాలను, మళ్లీ కిందికి దింపించడం నా పనిలో పెద్ద భాగం. ఉండేది నరసరావుపేటలో. పిడుగురాళ్ల, గురజాల, మాచర్ల, వినుకొండ వైపు ఊళ్లకు వెళ్లి, డాక్టర్లు రాసిచ్చిన మిషన్లను ఇళ్లలో అమర్చి, వాడే పద్ధతి నేర్పి వస్తుంటాను. దింపించిన మిషన్‌ని ఆన్ చేస్తే మోటారు బాగానే తిరుగుతుంది, సెట్టింగులూ డాక్టరు రాసినట్టే ఉంటాయి. తేడా వచ్చేది మాస్క్ దగ్గర. "గాలి కళ్లలోకి కొడతంది", "రాత్రంతా ఈల వేస్తంది, ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు", "ముక్కు మీద పుండు పడింది" అంటారు. ఈ మూడు ఫిర్యాదులూ చాలాసార్లు ఒకే ఇంట్లో, ఒకే మనిషి దగ్గర వింటాను. ఎందుకంటే మూడింటికీ మూలం ఒకటే. మాస్క్‌ని ముఖానికి కుదర్చకుండా బిగించేశారు.

మా వైపు ఈ మిషన్లు వాడేవాళ్లు రెండు రకాలు. గురక పెట్టేవాళ్లు మొదటి రకం. నిద్రలో గొంతు కండరాలు వదులై గాలి దారి మూసుకుపోతుంది. 10 సెకన్లు, అంతకన్నా ఎక్కువసేపు ఊపిరి ఆగి, ఉలిక్కిపడి మళ్లీ అందుకుంటారు. రాత్రి పొడుగునా ఇదే తంతు. పగలు కొట్లో కూర్చుంటే కునికిపాట్లు, ఎన్ని మాత్రలు వేసినా దిగని బీపీ. 'సింహాసనం', 'గ్యాంగ్ లీడర్' పాటలతో మనకు బాగా దగ్గరైన సంగీత దర్శకుడు బప్పీ లహరి 2022 ఫిబ్రవరిలో పోయినప్పుడు డాక్టర్లు చెప్పిన కారణాల్లో ఈ జబ్బు పేరు కూడా ఉంది. వీళ్లకు రాసేది ఎక్కువగా సీపాప్. ఒకే ఒత్తిడితో గాలి పంపి, గొంతు మూసుకుపోకుండా తెరిచి ఉంచుతుంది.

ఊపిరితిత్తులు పాడైనవాళ్లు రెండో రకం. ఏళ్ల తరబడి చుట్టలు, బీడీలు తాగినవాళ్లు, కట్టెల పొయ్యి పొగలో వంట చేసిన ఆడవాళ్లు, పిడుగురాళ్ల సున్నం బట్టీల్లోనో నాపరాళ్ల గనుల్లోనో దుమ్ము పీల్చి బతికినవాళ్లు. రోగం ముదిరితే వదలాల్సిన కార్బన్ డయాక్సైడ్ పూర్తిగా బయటికి పోక రక్తంలో పేరుకుంటుంది. మనిషి మగతగా ఉంటాడు, పొద్దున్నే తలనొప్పి. వీళ్లకు బైపాప్. పీల్చేటప్పుడు ఎక్కువ ఒత్తిడి, వదిలేటప్పుడు తక్కువ ఒత్తిడి ఇస్తుంది. రెండు రకాల వాళ్లకూ మాస్క్ చిక్కు ఒకటే.

ఒత్తిడి అనగానే భయపడతారు గానీ, ఇది చాలా చిన్న ఒత్తిడి. సీపాప్‌లో సాధారణంగా 4 నుంచి 20 వరకు అంకెలుంటాయి. డాక్టరు 10 అని రాశారంటే, 10 సెంటీమీటర్ల లోతు నీళ్లు అడుగున ఎంత ఒత్తుతాయో అంత. లెక్క కడితే చదరపు సెంటీమీటరుకు 10 గ్రాములు. ముక్కు ఒక్కదాన్నే కప్పే మాస్క్ లోపలి వైశాల్యం ఓ 20 చదరపు సెంటీమీటర్లు అనుకుందాం. దాన్ని ముఖం మీంచి నెట్టే బలం మొత్తం కలిపి 200 గ్రాములు, అంటే గ్లాసుడు నీళ్ల బరువు. నోరు, ముక్కు కలిపి కప్పే పెద్ద మాస్క్‌కి వైశాల్యం మూడింతలు ఉంటే బలమూ మూడింతలవుతుంది. స్ట్రాపులు ఆపాల్సింది అంతే. దానికి తల చుట్టూ ముద్రలు పడేంతగా లాగాల్సిన పనే లేదు. పెద్ద మాస్క్‌ కన్నా చిన్న మాస్క్ తేలిగ్గా కుదరడానికీ కారణం ఇదే. నోటితో ఊపిరి తీసుకునే అలవాటు లేనివాళ్లకు ముక్కు మాస్క్ చాలునేమో ముందు డాక్టర్ని అడగమంటాను.

మాస్క్ అంచున ఉండే మెత్తటి సిలికాన్ భాగాన్ని కుషన్ అంటాం. దాన్ని వేలితో తడిమి చూడండి. చాలా మాస్కులకు రెండు పొరలుంటాయి. లోపలిది కాస్త మందం, ఆసరా కోసం. పైది పల్చటి రేకు. మిషన్ పంపే గాలి ఈ రేకు వెనక్కి చేరి దాన్ని ఉబ్బించి చర్మానికి అదుముతుంది. లీక్‌ని ఆపేది ఆ గాలే. స్ట్రాపు పని మాస్క్‌ని దాని చోట నిలబెట్టడం వరకే. బిగించేకొద్దీ రేకు నలిగి ముడత పడుతుంది, ఆ ముడత సందులోంచి గాలి పోతుంది. అది చూసి ఇంకాస్త బిగిస్తారు. ముడత ఇంకా పెరుగుతుంది. చివరికి లీకూ ఆగదు, ముక్కు దూలం మీద చర్మమూ మిగలదు.

ఈ మాస్క్ తిప్పలు మొదటి నుంచీ ఉన్నవే. సీపాప్‌ని 1980లో సిడ్నీలో కాలిన్ సలివన్ అనే డాక్టరు మొదటిసారి మనిషికి పెట్టి చూశాడు. నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ముదిరితే గొంతుకు రంధ్రం పెట్టడమే అప్పటి వైద్యం. దానికి ఇష్టపడని రోగి ఒకాయన ఈ ప్రయోగానికి ఒప్పుకున్నాడు. మరుసటి ఏడాది, అంటే 1981లో, ఐదుగురు రోగుల వివరాలతో 'లాన్సెట్' పత్రికలో వ్యాసం వచ్చింది. అప్పటికి బజారులో మాస్కులెక్కడివి? ఒక్కొక్కరి ముక్కుకు ప్లాస్టర్‌తో అచ్చు తీసి, దాని మీద ఫైబర్‌గ్లాస్ మాస్క్ పోసి, రోజూ రాత్రి జిగురుతో ముఖానికి అంటించుకుని, పొద్దున్నే పీక్కునేవాళ్లు. అంత బాధ పడి కూడా వాళ్లు వాడారంటే, ఆ నిద్ర వాళ్లకు ఎంత అవసరమో అర్థమవుతుంది. ఇవాళ మనకు వచ్చేవి స్మాల్, మీడియం, లార్జ్. ఎవరి ముక్కు అచ్చు వాళ్లకు తీసే రోజు పోయింది కాబట్టి, ఎంపికలోనూ అమర్చడంలోనూ ఆ శ్రద్ధ మనమే పెట్టాలి.

గురజాల దగ్గర ఒక ఊళ్లో ఓ పెద్దావిడకు కుదిర్చిన తీరు చెబుతాను. కట్టెల పొయ్యి మీద జీవితమంతా వండిన మనిషి. ఆస్పత్రి నుంచి బైపాప్ అద్దెకు తీసుకుని ఇంటికి తెచ్చారు. నేను వెళ్లేసరికి మంచం మీద కూర్చుని ఉంది. ముక్కు దూలం మీద ఎర్రగా కమిలిన మచ్చ. కోడలు పక్కనే నిలబడి స్ట్రాపు లాగుతోంది. ఈల మోత వస్తూనే ఉంది.

"ఇంకా బిగించమంటావా అన్నా? నా చేతులు నొప్పి పుడతన్నయ్."

"వద్దమ్మా. మొత్తం వదులు చెయ్యి. అమ్మమ్మా, నువ్వు రోజూ ఎట్టా పడుకుంటావో అట్టా పడుకో."

"ఇట్టా పక్కకి తిరిగి పడుకుంటా నాయనా. ఎల్లకిలా పడుకుంటే ఆయాసం."

కుదర్చడానికి వీలుగా మొదట కాసేపు వెల్లకిలా, ఆయాసం రాకుండా తల కింద రెండు దిళ్లతో పడుకోబెట్టాం. కూర్చున్నప్పటి ముఖం వేరు, పడుకున్నప్పటి ముఖం వేరు. పడుకోగానే బుగ్గల కండ వెనక్కి జారుతుంది. కూర్చోబెట్టి కుదిర్చిన మాస్క్ పడుకున్నాక కుదరకపోవడానికి కారణం ఇదే. స్ట్రాపులు నాలుగూ వదులు చేసి, కుషన్‌ని ముందు ముక్కు దూలం మీద ఆనించి, కిందికి దించి గడ్డం మీద కూర్చోబెట్టాను. కింది స్ట్రాపులు రెండూ రెండు చేతులతో ఒకేసారి, సమానంగా లాగాను. ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ అయితే మాస్క్ ఒరిగిపోయి కంటి దగ్గర సందు తెరుచుకుంటుంది. తర్వాత పైవి. చెంపకూ స్ట్రాపుకూ మధ్య రెండు వేళ్లు సులువుగా దూరేలా ఆపాను.

అప్పుడు మిషన్ ఆన్ చేశాను. మామూలుగా మిషన్ తక్కువ ఒత్తిడితో మొదలై, మనిషి నిద్రలోకి జారాక మెల్లగా పెరుగుతుంది. పడుకునేముందు కుదిరిందనుకున్న మాస్క్ అర్ధరాత్రి ఈల వేసేది అందుకే. కుదిర్చేటప్పుడే పూర్తి ఒత్తిడి పెట్టి చూడాలి. కొన్ని మిషన్లలో దీనికోసం 'మాస్క్ ఫిట్' అని ప్రత్యేకంగా మీట ఉంటుంది. గాలి వస్తుండగా మాస్క్‌ని ముందుకి కొద్దిగా, వేలెడంత దూరం లాగి, మెల్లగా మళ్లీ ముఖం మీద దించాను. నలిగిన రేకు గాలికి విచ్చుకుని సరిగ్గా పరుచుకుంది. ఈల ఆగిపోయింది. కోడలు కుషన్ అంచు చుట్టూ అరచెయ్యి తిప్పి చూసింది. కంటి మూలన సన్నగా గాలి తగిలింది. పై స్ట్రాపు బిగించబోతే ఆపి, కింది స్ట్రాపు రెండు పక్కలా కాస్త వదులు చేయమన్నాను. కింద ఎక్కువ లాగితే పైన లేస్తుంది. కంటి దగ్గర లీక్ ఉంటే చాలాసార్లు సవరించాల్సింది కింద. తర్వాత పెద్దావిడను పక్కకి తిరగమని, ఆ భంగిమలోనూ మళ్లీ అంతా చూశాం. పక్కకి తిరిగితే దిండు మాస్క్‌ని నెడుతుంది కాబట్టి, ముఖాన్ని దిండు అంచు దాటి కాస్త బయటికి ఉంచమన్నాను.

ఇక ప్రాణం మీదికి తెచ్చే సంగతి ఒకటుంది. ఒక ఇంట్లో మాస్క్ ముందు భాగంలో ఉన్న చిన్న చిన్న రంధ్రాల మీద ప్లాస్టర్ అంటించి కనిపించింది. గాలి అక్కడి నుంచే పోతోంది కదా, అదే లీక్ అనుకున్నారు. కాదు. మనం వదిలిన ఊపిరి బయటికి పోవడానికే ఆ రంధ్రాలు. చాలా మాస్కుల్లో 10 ఒత్తిడి దగ్గర వాటిలోంచి నిమిషానికి 30 లీటర్లకు పైగా గాలి పోతుంది, పోవాలి కూడా. అవి మూస్తే వదిలిన కార్బన్ డయాక్సైడే మళ్లీ పీలుస్తాం. దుప్పటి కూడా వాటి మీద పడకూడదు. ఇలాంటిదే ఇంకో ప్రమాదం. ఆస్పత్రి ఐసీయూలో వాడిన మాస్క్‌ని ఇంటికి తెచ్చి ఇంటి మిషన్‌కి తగిలిస్తారు. ఐసీయూ వెంటిలేటర్లలో కొన్నింటికి ఊపిరి వదలడానికి వేరే గొట్టం ఉంటుంది, అందుకని వాటి మాస్కులకు రంధ్రాలుండవు. వీటిని నాన్ వెంటెడ్ మాస్కులంటారు. గొట్టం తగిలే మోచేయి లాంటి ముక్క తరచు నీలం రంగులో ఉంటుంది. రంగును నమ్ముకోకుండా మిషన్ ఆన్ చేసి, రంధ్రాల దగ్గర చెయ్యి పెట్టి గాలి వస్తోందో లేదో చూడండి. రాకపోతే ఆ మాస్క్ పెట్టొద్దు, మిషన్ ఇచ్చినవాళ్లను వెంటనే పిలవండి.

కంపెనీ వాళ్ల పుస్తకాల్లో కనిపించని సమస్యలు మన ముఖాల మీద కొన్ని ఉన్నాయి. ముక్కుపుడక ఒకటి. ముక్కు మాస్క్ అంచు సరిగ్గా ముక్కు రెక్కల మీదే పడుతుంది. పుడక రాయి అంచుని ఎత్తి పట్టుకుంటుంది, అక్కడ లీక్. రాత్రిపూట తీసి పెట్టమంటే పెద్దవాళ్లు ఒప్పుకోరు, వాళ్లను ఆ విషయంలో బలవంతపెట్టడం నాకిష్టం ఉండదు. అంచు చెంపల మీదికి వచ్చే పెద్ద సైజు మాస్క్ పెడితే పుడక లోపలే ఉండిపోతుంది. కొప్పు ఇంకొకటి. తల వెనక స్ట్రాపు కొప్పు మీదికి ఎక్కి, రాత్రి జారిపోతుంది. రాత్రికి జడ వేసి పక్కకి వదిలితే చాలు. తలకు కొబ్బరినూనె, ముఖానికి పసుపు, ముక్కుకు బామ్, పెదాలకు వాజలీన్ ఇవన్నీ సిలికాన్‌ని జారేలా చేస్తాయి, కొన్నాళ్లకు పాడు చేస్తాయి. పడుకోబోయేముందు ముఖం సబ్బుతో కడిగి, ఆరాక మాస్క్ పెట్టుకోవాలి.

మీసాల వాళ్లు నన్ను చూడగానే ముందే అడుగుతారు, తీసెయ్యాలా అని. అక్కర్లేదు. వెంట్రుకల మీద సిలికాన్ సరిగా అతకదన్న మాట నిజమే గానీ, ముక్కు రంధ్రాల కింద ఆనే చిన్న పిల్లోస్ మాస్క్ చాలామంది మీసాలకు కుదురుతుంది. ముక్కు కిందుగా కాస్త కత్తిరించుకుంటే సరిపోతుంది. ఒత్తిడి మరీ ఎక్కువ ఉన్నవాళ్లకు మాత్రం అది సరిపడదు.

పళ్లు లేని ముసలివాళ్ల సంగతి కష్టం. బుగ్గలు లోపలికి పోయి, పెద్ద మాస్క్‌కి పక్కల ఆసరా దొరకదు. కట్టుడు పళ్లు పెట్టుకుని పడుకుంటే ముఖం నిండుగా ఉండి లీక్ తగ్గుతుంది. కానీ వదులైన సెట్టు నిద్రలో ఊడి గొంతులో పడితే ప్రమాదం. కాబట్టి డాక్టర్నీ పళ్ల డాక్టర్నీ అడక్కుండా ఆ పని చేయొద్దు. ఒక సైజు తక్కువ మాస్క్‌తోనో, ముక్కు మాస్క్‌తోనో చాలామందికి సర్దుబాటు అవుతుంది. తనంతట తాను మాస్క్ తీసుకోలేని మనిషికి, వాంతులయ్యే మనిషికి నోరు ముక్కు కప్పే మాస్క్ పెట్టి ఒంటరిగా వదిలేయకూడదు. చీకట్లో తడుముకుని క్లిప్పు ఊడదీయడం ప్రతి ఒక్కరికీ నేర్పాలి.

ఫిబ్రవరి, మార్చి వచ్చిందంటే మా వైపు కల్లాల్లో మిర్చి ఎండుతుంది. ఘాటుకి ముక్కులు కారడం, దిబ్బడ వేయడం ఆ పనికి వెళ్లే ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. ముక్కు దిబ్బడగా ఉంటే నిద్రలో నోరు తెరుచుకుంటుంది. ముక్కు మాస్క్ ఎంత బాగా కుదిరినా, లోపలికి వెళ్లిన గాలి నోట్లోంచి బయటికి పోతుంది. పొద్దున్నే నాలుక పిడచకట్టి ఉందంటే సాధారణంగా అదే గుర్తు. గడ్డానికి కట్టే పట్టీ కొందరికి పనిచేస్తుంది, ముందు మాత్రం ముక్కు సంగతి చూడాలి. కాచి చల్లార్చిన ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడం, డాక్టరు రాసిన స్ప్రే, గాలికి తేమ పట్టించడానికి మిషన్‌కి తగిలించే హ్యుమిడిఫైయర్, వీటితో చాలామందికి దారి తెరుచుకుంటుంది. హ్యుమిడిఫైయర్‌లో డిస్టిల్డ్ వాటరే పొయ్యాలి, రోజూ మార్చాలి. మా బోరు నీళ్లు పోస్తే కొద్ది రోజుల్లోనే అడుగున తెల్లటి చెక్కు కడుతుంది.

గొట్టాన్ని ఎవరూ అనుమానించరు. మిషన్ కాళ్ల వైపు పెట్టి, గొట్టం ఒంటి మీదుగా లాగితే, మనిషి పొర్లినప్పుడల్లా మాస్క్ పక్కకి గుంజుకుంటుంది. మిషన్‌ని తల వైపు, మంచం కన్నా కాస్త దిగువగా పెట్టి, గొట్టాన్ని తలగడ పైనుంచి, గోడకు కొట్టిన కొక్కేనికి గుడ్డపేలికతో వదులుగా కట్టి రానివ్వండి. నా అనుభవంలో ఈ ఒక్క మార్పుతో బాగుపడ్డ ఇళ్లు చాలా ఉన్నాయి.

మాకు ఎండాకాలం అంటే రెంటచింతల పేరు చెబుతారు. రాష్ట్రంలోనే ఎక్కువ వేడి నమోదయ్యే ఊళ్లలో అదొకటి. చెమటకి కుషన్ జారుతుంది. రాత్రి మధ్యలో లేచినప్పుడు ముఖం, కుషన్ రెండూ పొడి గుడ్డతో తుడిస్తే చాలు. కరెంటు పోతే ఊపిరాడక చచ్చిపోతామేమో అని భయపడేవాళ్లున్నారు. నోరు, ముక్కు కప్పే ఇంటి మాస్కుల్లో మిషన్ ఆగగానే తెరుచుకుని బయటి గాలి రానిచ్చే వాల్వ్ ఉంటుంది. ముక్కు మాస్క్ అయితే నోరు ఖాళీగానే ఉంటుంది. అయినా మాస్క్ తీసెయ్యడం మంచిది. రాత్రంతా బైపాప్ మీద ఆధారపడేవాళ్లకు ఇన్వర్టర్ తప్పదు.

ముక్కు దూలం మీద ఎరుపు కనిపించిన రోజే జాగ్రత్త పడాలి. మాస్క్ తీసిన అరగంటకు కూడా ఎరుపు పోకపోతే చర్మం దెబ్బతింటోందని అర్థం. షుగర్ ఉన్నవాళ్లకు ఇది మానడం ఇంకా కష్టం. దూది, గుడ్డ మడతలు కుషన్ కింద పెడతారు, దాంతో లీక్ పెరుగుతుంది. పుండ్లకు వాడే పల్చటి హైడ్రోకొల్లాయిడ్ పట్టీ మెడికల్ షాపుల్లో దొరుకుతుంది, అది చర్మానికి అతుక్కుని ఉంటుంది. అంతకన్నా మేలు, ముక్కు దూలాన్ని తాకని రకం మాస్క్‌కి మారడం.

కుషన్ రోజూ గోరువెచ్చని నీళ్లు, మామూలు సబ్బుతో కడిగి నీడలో ఆరబెట్టాలి. స్పిరిట్, డెట్టాల్, మరిగే నీళ్లు, ఎండ తగలనివ్వకూడదు. రేకు పసుపు రంగుకి తిరిగి గట్టిపడినా, సాగి వేలాడినా, చిరిగినా కుషన్ ఒక్కటే మార్పించుకోవచ్చు. మాస్క్ మొత్తం కొనక్కర్లేదు.

పొద్దున్నే మిషన్ తెర మీద లీక్ అంకె చూడటం అలవాటు చేసుకోండి. కొన్ని మిషన్లు రంధ్రాల్లోంచి పోవాల్సిన గాలిని తీసేసి చూపిస్తాయి, నిమిషానికి 24 లీటర్లు దాటితే ఎక్కువంటాయి. కొన్ని మొత్తం కలిపి చూపిస్తాయి. మీ మిషన్ ఏది చూపిస్తుందో ఇచ్చినవాళ్లనే అడగండి. లీక్ ఎక్కువగా ఉందని ఒత్తిడి అంకె మీరే తగ్గించుకోవడం మాత్రం చేయొద్దు. అది డాక్టరు చూసుకోవాల్సిన అంకె.

మాస్క్ కొనేముందు షాపులో కుర్చీలో కూర్చుని ముఖానికి ఆనించుకుంటే సరిపోదు. పడుకోబెట్టి, మీ ఒత్తిడి పెట్టి, రెండు మూడు సైజులు చూపించమనండి. సైజు కొలిచే కాగితపు అచ్చు చాలా కంపెనీలు ఇస్తాయి. కుదరకపోతే మారుస్తారా అని ముందే అడగండి. పేస్‌మేకర్ గానీ, ఒంట్లో ఇంకేదైనా లోహపు పరికరం గానీ ఉంటే ఆ మాట కొనేముందే చెప్పండి. కొన్ని మాస్కుల క్లిప్పుల్లో అయస్కాంతాలుంటాయి, వాటి మీద 2022లోనూ 2023లోనూ పెద్ద కంపెనీలే హెచ్చరికలు ఇచ్చాయి. పక్కన పడుకునేవాళ్లకు పేస్‌మేకర్ ఉన్నా ఇదే వర్తిస్తుంది. అలాంటి ఇంటికి ప్లాస్టిక్ హుక్కులున్న మాస్క్ అడిగి తీసుకోండి.